విరిగే బోల్టు

ఆయన పోయాడన్న కబురు నాకు సింగపూర్లో, జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో తెలిసింది. పొద్దున్నే రైలు మారడానికి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. తెర మీద ‘బాబాయి మంచు హాలు’ అని ఆయన నంబరే పడింది. ఆ నంబరు నుంచి ఏది వచ్చినా చూసీ చూడనట్టు పక్కన పెట్టడం రెండేళ్లుగా నాకు అలవాటైపోయింది. ఆ రోజెందుకో ఎత్తాను. అవతల ఆడగొంతు.

“అమ్మా, నాను ఆయన ఇంటిదాన్ని. ఆయన పోనారమ్మా, ఈయాల్టికి పదకొండు రోజులు. మీకు సెప్పాలనీసి సేసినాను.”

కిడ్నీలట. ఇంటింటా ఆ జబ్బున్న ఉద్దానం వైపు ఊళ్లలో ఆ ఒక్క మాట చెబితే చాలు, పై ప్రశ్నలు ఎవరూ వెయ్యరు. నేనూ వెయ్యలేదు. “ఆఫీసుకి వెళ్తున్నానమ్మా, సాయంత్రం నేనే చేస్తాను” అన్నాను. భర్త పోయిన మనిషితో అనాల్సిన మాటేనా అది? నా నోటికి అంతకంటే మంచి మాట రాలేదు. రైలెక్కి, తలుపు పక్కన నిలబడి, దిగాల్సిన స్టేషను దాటిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే నా పేరూ రాయాలి. అంత ధైర్యం నాకు లేదు.

జురాంగ్ ఈస్ట్ నుంచి బస్సులో పది నిమిషాలు పోతే, ఒక పాత గోదాములో మంచు హాలు ఉండేది. ఏడాది పొడుగునా చెమట కారే ఈ ఊళ్లో, పిల్లలు అద్దె కోట్లు తొడుక్కుని, మైనస్ ఐదు డిగ్రీల్లో, మిషన్‌తో చేసిన మంచు మీద జారడానికి వచ్చేవారు. నేను అక్కడ ఆపరేషన్స్‌లో పనిచేసేదాన్ని. టిక్కెట్ల నుంచి టాయిలెట్ల దాకా ఏ కాగితమైనా నా బల్ల మీదుగా పోవాల్సిందే. ఆయన కూలింగ్ ప్లాంటు చూసే కాంట్రాక్టరు తరఫు మనిషి. అంతకుముందు పదేళ్లు షిప్‌యార్డులో ఫిట్టరు. ఆ హాలు మొత్తానికి తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అంకుల్ అనేవారు, నేను బాబాయి అనేదాన్ని. ఆయన నన్ను మొదట్లో ‘మేడమ్‌గారు’ అన్నాడు. ఒక ఆదివారం నా కూతుర్ని చూశాక ‘తల్లీ’లోకి దిగాడు.

పనివాళ్లుండే డార్మిటరీలో ఎవరో ఆయనకి “మంచులో పని” అని చెప్పారట. తెల్లవారుజామున ఆరుబయట చేసే పని కాబోలనుకున్నాడు. మొదటి రోజు పొట్టి చేతుల చొక్కా, నెత్తిన మంకీ క్యాపు పెట్టుకుని వచ్చి, మా ఇనుప తలుపు తీసి లోపలికి చూసి, మళ్లీ మూసి, నా దగ్గరికి వచ్చి అడిగాడు.

“మేడమ్‌గారూ, మంచు అన్నారు. ఏదండీ మంచు?”

“అదే కదండీ, లోపల తెల్లగా ఉంది.”

“అది పిండి గదండీ. మంచంటే మనిషికి మనిషి కనపడకూడదు. మా జీడితోటలో పూత మాడ్సీసేది మంచు.”

చివరిదాకా ఆయనకి అది పిండే. “ఈయాల పిండి తడిగా ఉంది”, “పిండి గట్టిపడిపోనాది తల్లీ, జారుడు కాడ సూడు” అనేవాడు. నా కూతురు, ఈ ఊళ్లో పుట్టిన పిల్ల, ఇంటికొచ్చి “అమ్మా, అంకుల్ స్నోని ఫ్లవర్ అంటాడు, సో ఫన్నీ లా” అంది. పిండికి ఇంగ్లీషు మాట ఎవరో చెప్పారు దానికి, పువ్వుకీ అలాగే పలుకుతుంది కాబట్టి అంకుల్ అనేది పిండో పువ్వో తెలీలేదు. ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, ఆ తర్వాత నెలరోజుల పాటు ఈ ఊరి ఇంగ్లీషులో లాగే ప్రతి మాటకీ చివర ‘లా’ తగిలించాడు. “సరే లా తల్లీ.” “బోజనం అయిపోనాది లా.”

రోజంతా పిల్లలు జారి జారి మంచు కిందకి చేరిపోయేది. సాయంత్రం దాన్ని మళ్లీ వాలు పైకి ఎగజిమ్మాలి. అందుకొక మిషన్ ఉండేది. చలిదేశాల్లో ఇంటి ముందు మంచు తీసుకోవడానికి వాడతారే, ఆ చిన్న రకం. ముందువైపు మరలు తిరుగుతూ మంచుని లోపలికి లాగుతాయి, వెనక ఫ్యాను దాన్ని గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. మా యజమాని ఎవరి దగ్గరో వాడింది పట్టుకొచ్చాడు. దాని రేకు మీద బొమ్మ ఉండేది: పెంకుటిల్లు, కుక్క, మిషన్ పట్టుకుని నవ్వుతున్న మనిషి. బాబాయి ఆ బొమ్మని చాలాసేపు చూసి, “ఈయన దీన్ని ఒక్క రోజు కూడా నడపలేదు తల్లీ. నడిపితే నవ్వడు” అన్నాడు.

నిజంగానే అది దండగమారి మిషన్. గజం దూరం విసరడానికి ముక్కీ మూలిగేది. దాని మీద ఆయన ఏడాదిన్నర పనిచేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ముందు పెట్రోలు ఇంజను పీకేసి, ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని కరెంటు మోటారు బిగించాడు. మూసిన హాల్లో పొగ వదిలితే పిల్లలు ఏమైపోతారని ఆయన భయం. తర్వాత ఫ్యాను రెక్కల కొసలకి, చుట్టూ ఉన్న ఇనుప డొప్పకి మధ్య వేలెడు సందు ఉందని కనిపెట్టాడు. ఆ సందులోంచే మంచు వెనక్కి జారిపోతోందని, పాత కన్వేయర్ బెల్టు రబ్బరు కోసి రెక్కలకి బోల్టులతో బిగించాడు. ఆ రోజు అది వాలు కింద నుంచి పైదాకా మంచు విసిరింది. ఆయన అరవలేదు, గెంతలేదు. స్క్రూడ్రైవరు కొస గేర్ల పెట్టె మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. “కడుపు సల్లగా ఉంది” అన్నాడు.

చేతులకి గ్లవుజులు తొడుక్కోమని నేను పోరేదాన్ని. ససేమిరా వినేవాడు కాదు. “తొడిగితే బోల్టు ఎంత బిగిసిందో తెల్దు తల్లీ” అనేవాడు. వేళ్లు కొంకర్లు పోతే బయటికొచ్చి, హాకర్ సెంటర్లో, ఆ తిండికొట్ల సావిట్లో, ప్లాస్టిక్ సంచీలో పోసిచ్చే వేడి టీని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చునేవాడు. టీ చల్లారాకే తాగేవాడు. వేడి చేతులకి, తడి గొంతుకి అని ఆయన పంపకం. ఒక్క విషయంలో మాత్రం ఎంత చాదస్తుడో చెప్పలేను. మిషన్‌లో చెయ్యి పెట్టే ముందు గోడకున్న ప్లగ్గు పీకి, ఆ వైరు కొస తెచ్చి నడుం బెల్టులో దోపుకునేవాడు. పొరపాటున కూడా ఎవరూ స్విచ్ వెయ్యకూడదని. చిన్న మరమ్మతుకైనా, మొలతాడుకి తాళంచెవి కట్టుకున్న ముసలమ్మలా, నడుముకి ప్లగ్గు వేలాడాల్సిందే.

ఒక ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో కందిపప్పు కొందామని వెళ్తే, సామాన్ల కొట్టు ముందు కనిపించాడు. కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ పలకలు రెండు చేతుల్లో పట్టుకుని, గోటితో కొట్టి చూస్తున్నాడు, వంచి చూస్తున్నాడు, వాసన కూడా చూశాడు. కొట్టాయన విసుగెత్తి తమిళంలో అడిగాడు, చేపలకా, కూరలకా అని. “ఐసుకి” అన్నాడు బాబాయి. ఆ కొట్టాయన నా వైపు చూసి, మీవాడేనా అన్నట్టు కనుబొమలెత్తాడు. నాకు సిగ్గేసి, తెలియనట్టు పప్పుల వైపు జరిగాను. మర్నాడు ఆ పలకలు మిషన్‌కి రెండు పక్కలా ఇనుప పాదాల స్థానంలో ఉన్నాయి. ఇనుము నేలని గీకేది. ప్లాస్టిక్ మీద అది మెత్తగా జారిపోయింది. తెలియనట్టు తప్పుకున్నందుకు నాకు ఇప్పుడు కూడా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. అయినా అది చిన్న తప్పు. పెద్దది ఇంకా ఉంది.

ఆ మరలని ఇరుసుకి పట్టి ఉంచేవి చిన్న చిన్న బోల్టులు. నెలకొకటో రెండో విరిగేవి. విరిగినప్పుడల్లా పావుగంట పని ఆగిపోయేది, మేనేజరు నా మీద కేకలేసేవాడు. అందరం చిరాకు పడేవాళ్లం, బాబాయి తప్ప. ఆయన విరిగిన ముక్కని మంచులోంచి ఏరి, అరచేతిలో పెట్టుకుని, “మంచిపని సేసినావు” అని దాంతో మాట్లాడి, పాల డబ్బాలో వేసుకునేవాడు. విరిగిన బోల్టు మంచిపని చెయ్యడమేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేవాడు. చెప్పడమంటే ఆయనకి ఇష్టం కూడా.

పెద్దకూతురి పురిటికని మూడు వారాలు సెలవు పెట్టి ఊరెళ్లే ముందురోజు నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను ఫోన్లో ఉన్నాను. ఎవరో స్కూలువాళ్లు బస్సుల గురించి అడుగుతున్నారు.

“తల్లీ, విరిగే బోల్టులు అయిపోనాయి. ఆరు తెప్పించాల. కాగితం మీద రాసీ.”

తల ఊపాను. ఫోన్ పెట్టేశాక ఫారం తీసి ఇంగ్లీషులో రాశాను: ‘బోల్టులు పదే పదే విరిగిపోతున్నాయి. ఇంకా గట్టి రకం కావాలి. ఆరు.’ అడిగినవారు అన్న చోట ఆయన పేరు, రాసినవారు అన్న చోట నా సంతకం. పైగా నన్ను నేను మెచ్చుకున్నాను. ఆయన అడిగింది అడిగినట్టు రాయకుండా, సమస్యకి పరిష్కారం కూడా రాశానని. విరిగే బోల్టులు అంటే ఊరికే విరిగిపోయే పనికిమాలిన బోల్టులని నా బుర్రకి తోచింది. విరగడానికే చేసిన బోల్టులు లోకంలో ఉంటాయని తోచలేదు. మాతృభాషలో చెప్పిన రెండు మాటలు, అవీ తప్పుగా విన్నాను.

ఆయన ఊళ్లో ఉండగా గట్టి బోల్టులు వచ్చాయి. ఇంకో టెక్నీషియన్ బిగించాడు. స్కూలు సెలవులు, హాలు కిటకిటలాడుతోంది. మూడో రోజు సాయంత్రం, పిల్లలు కూర్చుని జారే ఏదో స్లెడ్డుకున్న ఇనుప కొక్కెం ఊడి మంచులో పడి, మరల్లో ఇరుక్కుంది. బోల్టు విరగలేదు. గేర్ల పెట్టె పగిలి ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. హాలు నాలుగు రోజులు మూతపడింది.

బాబాయి తిరిగొచ్చిన రోజు, మనవరాలు పుట్టిందని నా చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టి, తిన్నగా మిషన్ దగ్గరికి వెళ్లాడు. అది చచ్చిన మిషన్ అని తెలిసి కూడా ప్లగ్గు తెచ్చి నడుముకి దోపుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక బోల్టు విప్పి, దాని నెత్తి మీద గట్టిదనం చెప్పే గీతలు వేలితో తడిమాడు.

“ఇది ఎవులు ఏసినారు తల్లీ? ఇది విరగదు.”

“విరగకపోతే మంచిదే కదా బాబాయ్?”

నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, చిన్నపిల్లకి చెప్పే ఓపిక ఉంది. “మరలో ఏటైనా అడ్డం పడితే ముందు ఇది విరిగిపోవాల. ఇది విరిగితే పెట్టె బతుకుతాది. అందుకే మెత్తటి బోల్టు. నాను విరిగే బోల్టు అనే సెప్పినాను గదా. కొట్టోడు తప్పు పంపీసినాడు. నీ కాగితం ఉంది గదా, సూపిస్తే సరిపోద్ది.”

కాగితం మీద నేనేం రాశానో అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. మేమిద్దరమే ఉన్నాం, వినేవాళ్లు లేరు, తెలుగులో నాలుగు మాటలు. చెప్పలేదు.

మధ్యాహ్నం మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. మేనేజరు, కాంట్రాక్టరు మనిషి, బాబాయి, మధ్యలో దుబాసీగా నేను. బల్ల మీద నేను రాసిన ఫారం. ఆ వారమే, ఈ దేశంలో ఉద్యోగం చెయ్యడానికి కావాల్సిన నా పాసు రెన్యువల్‌కి పంపాలి, పంపాల్సింది ఆ మేనేజరే. పాప అప్పుడు ప్రైమరీ టూ, అంటే రెండో తరగతి. ఇవి సాకులని తెలుసు. అయినా ఆ గదిలో నా బుర్రలో తిరిగినవి ఇవే కాబట్టి రాస్తున్నాను.

“ఇంజను మార్చాడు, రబ్బరు పెట్టాడు, ఇప్పుడు బోల్టు మార్చాడు. ఎవరినడిగి మారుస్తున్నాడు? గట్టి బోల్టు ఎందుకు కావాలన్నాడో అడుగు” అన్నాడు మేనేజరు.

నేను బాబాయితో, “బోల్టుల గురించి చెప్పమంటున్నారు” అన్నాను.

ఆయన కుర్చీ కొసకి జరిగి, చేతులతో మర తిప్పి చూపిస్తూ, వేలు విరిచినట్టు చూపిస్తూ, నాకు చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. “నాను అడిగింది విరిగేదే. మేడమ్‌గారు రాసినారు. కాగితం సూడమనండి.” అని ముగించి, నా వైపు నమ్మకంగా చూశాడు.

నేను ఇంగ్లీషులోకి మార్చాను. పాతవి విరిగిపోతున్నాయని పై గ్రేడువి తనే అడిగానంటున్నాడని, పరిణామం ఊహించలేదంటున్నాడని, క్షమాపణ చెబుతున్నాడని. పదేళ్లు షిప్‌యార్డులో చేసినవాడు, ‘స్ట్రాంగ్’ అంటే ఆయనకి తెలుస్తుంది, ‘సారీ’ అంటే తెలుస్తుంది. అందుకే ఆ రెండు మాటలూ వాడలేదు. పెద్ద పెద్ద మాటలు వెతికి, గబగబా చెప్పాను. ఆయన మధ్యమధ్యలో అవునవునని తల ఊపాడు.

ఇలాంటివాడు మా హాల్లోకి రాకూడదన్నాడు మేనేజరు. రెండు రోజుల్లో కాంట్రాక్టరు ఆయన వర్క్ పర్మిట్ రద్దు చేశాడు. ఊరికి వెళ్లే రోజు సామాను సంచీతో గేటు దగ్గరికొచ్చి నా కోసం నిలబడ్డాడు.

“ఆళ్లు నమ్మలేదు, అది ఆళ్ల కర్మ. నువ్వు మాత్రం బాగా సెప్పినావు తల్లీ. ఒక్క ఊపిరిలో సెప్పినావు. నా తరపున ఈ దేశంలో ఇంతలా మాట్లాడినోళ్లు లేరు.”

నేను నేల చూపులు చూశాను. ఏడుస్తున్నాననుకున్నాడు. “పాపకి సెప్పు, పిండి అంకుల్ ఊరెళ్లిపోనాడని” అని నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఊరి నుంచి మెసేజీలు మొదలయ్యాయి. తన గొంతుతోనే పంపేవాడు. ఇంకో కంపెనీవాళ్లు మళ్లీ రమ్మంటున్నారట, ఎందుకు పంపేశారో చెప్పమంటున్నారట. “ఆ కాగితం ఒక్కటి ఫోటో తీసి పంపు తల్లీ. నాను సరిగ్గానే అడిగినానని సూపిస్తే సాలు, తీసుకుంటారు.” చూస్తాను బాబాయ్ అని రాశాను. ఫైలు దొరకలేదని రాశాను. చివరికి రాయడం మానేశాను. ఏడాదికి హాలు మూతపడింది. మూసిన రోజు ఆ కాగితాన్ని ఫైల్లోంచి తీసి ఇంటికి తెచ్చి, పాప సర్టిఫికెట్ల కింద పెట్టాను. పంపడానికి కాదు, ఎవరి కంటా పడకూడదని.

ఆయన కబురు తెలిసిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆయన భార్యకి ఫోన్ చేశాను. వంటింట్లో తలుపేసుకుని నిలబడి మాట్లాడాను.

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు. “మీ గురించే సెప్పేవోరమ్మా. నా పక్కన నిలబడి ఒక్క ఊపిరిలో సెప్పింది ఆ యమ్మ, ఆళ్లు ఇనలేదు అనీవోరు” అంది. ఆ వెంటే, “ఒక్క కాగితం ఉందంట గదమ్మా మీ కాడ. రేపు పన్నెండో రోజు. సింగపూర్లో ఆయనతో పనిసేసినోళ్లు నలుగురు బోజనానికొస్తన్నారు. తప్పు సేస్తే తరిమీసినారనే ఆళ్లందరికీ తెల్సు. ఆ కాగితం పంపితే మా పెద్దమ్మాయి సదివి ఇనిపిస్తాది. ఆయన తప్పు లేదని ఆళ్లకి తెల్సిపోద్ది” అంది.

“ఆ కాగితం చూపించకండమ్మా” అన్నాను.

“ఏటమ్మా?”

“అందులో ఆయన అడిగింది లేదు. నేను రాసింది ఉంది. విరిగేవి కావాలని ఆయన అన్నాడు, విరగనివి కావాలని నేను రాశాను. తర్వాత ఆ గదిలో వాళ్లకి ఆయన చెప్పింది చెప్పలేదు. తప్పు ఒప్పుకుంటున్నాడని చెప్పాను. నా ఉద్యోగం పోతుందని అలా చెప్పాను. ఆయన తప్పేమీ లేదమ్మా.”

అవతల గిన్నెల చప్పుడు వినబడుతోంది. చిన్నపిల్ల ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు. ఆమె పెట్టేసిందేమోనని ఫోన్ తీసి చూశాను. పెట్టెయ్యలేదు.

అప్పుడు అంది. “రేపు ఆళ్లు బోజనాలకి కూకున్నప్పుడు ఫోను పెద్దగా పెడతాను. ఇదే మాట ఆళ్లకి సెప్పండి.”

“చెప్తానమ్మా.”

“ఆయన ఉన్నప్పుడు సెప్పుంటే బాగున్ను. ఆ కాగితం కోసం మిమ్మల్ని మూడుసార్లు అడిగినాడు గదమ్మా.”

మూడుసార్లు కాదు, నాలుగుసార్లు. నాలుగో మెసేజీని నేను ఇప్పటిదాకా తెరిచి వినలేదు.